పాంటు లేని కోటు

— బి.ఎస్సీ. ఆఖరు సంవత్సరం విద్యార్థి

సైన్సు విద్యార్థి సావనీరుకి వ్యాసం రాశాడంటే అది అణుశక్తి మీదో, అంతరిక్షం మీదో ఉంటుందని పాఠకులు అనుకోవడం సహజం. నేను రాయబోయేది కోటు గురించి. అదీ కొత్త కోటు కాదు, ఎవరో తొడిగి వదిలేసిన పాత కోటు. దాన్ని కత్తిరించి, కుట్టి, పంచె మీదకి ఎలా పనికి తెచ్చుకోవచ్చో చెప్పడమే నా ఉద్దేశం. నవ్వదలచుకున్నవాళ్ళు ఇప్పుడే నవ్వేసుకుంటే తరవాత పని సులువవుతుంది.

నా చేత ఈ పని చేయించినవి రెండు. ఒకటి కాలేజీ వార్షికోత్సవం. సెమినారులో నాకు వచ్చిన బహుమతి ఆ రోజు స్టేజీ మీద ఇస్తారనీ, బహుమతులు అందుకునేవాళ్ళు కోటు వేసుకుంటే నిండుగా ఉంటుందనీ, ఇంట్లో పెద్దవాళ్ళని కూడా వెంటబెట్టుకు రావచ్చనీ చెప్పారు. రెండోది మా తాతయ్య. మూడేళ్ళ కిందట నేను డిగ్రీలో చేరేటప్పుడు ఏదో కాగితం కోసం తాతయ్యా నేనూ ఒక ఆఫీసుకి వెళ్ళాం. లోపల బెంచీ ఖాళీగానే ఉంది. గుమ్మం దగ్గరున్న మనిషి తాతయ్య పంచె వంకా, కాళ్ళ వంకా చూసి "పెద్దాయనా, నువ్వు బయట అరుగు మీద కూర్చో" అన్నాడు. మా వెనకాలే పాంటు వేసుకుని వచ్చినాయన్ని "రండి సార్, కూర్చోండి" అన్నాడు. తాతయ్య ఏమీ అనలేదు. వెళ్ళి అరుగు మీద కూర్చున్నాడు. ఆ తరవాత నా చదువుకి సంబంధించిన ఏ పనికీ ఆయన గడప దాటలేదు. "మీ నాన్నని తీసుకెళ్ళరా" అంటాడు. వార్షికోత్సవానికి రమ్మన్నా అదే మాట.

మాది మండపేట దగ్గర కాలువ మీద ఊరు. సొంతం మూడెకరాలు, కౌలు మరి కాస్త. సార్వా, దాళ్వా రెండు పంటలూ పండిన ఏడు కూడా కొత్త సూటు కుట్టించుకునే ఇల్లు కాదు మాది. అందుకని ఆలోచించి, "తాతయ్యా, నేను పంచె కట్టుకుని దాని మీద కోటు వేసుకుంటాను. అప్పుడొస్తావా?" అన్నాను. ఆయన నా మొహం వంక చూసి, "ముందు నువ్వు పంచె కట్టడం నేర్చుకో" అన్నాడు. రానని అనలేదు కదా అని పని మొదలుపెట్టాను.

పంచె మీద కోటు మనకి కొత్త సంగతేమీ కాదు. కందుకూరి వీరేశలింగం పంతులు గారి (1848–1919) ఫొటోలు చూడండి, తలపాగా, పొడుగు కోటు. సర్వేపల్లి రాధాకృష్ణన్ గారు 1917లో రాజమండ్రి ఆర్ట్స్ కళాశాలలో తత్త్వశాస్త్రం చెప్పారు. ఆ తరవాత ఆక్స్‌ఫర్డ్‌లో ఆచార్యులైనా, 1962లో రాష్ట్రపతి అయినా తెల్ల తలపాగా, మెడ దాకా బొత్తాలున్న పొడుగు కోటు, పంచె అనగానే ఆయనే గుర్తొస్తారు. అంత దూరం ఎందుకు, మా సావిట్లో 1971 నాటి తాతయ్య పెళ్ళి ఫొటో ఉంది. పంచె, మెళ్ళో దండ, పైన కోటు. ఆ కోటు అరువుది.

అయితే రాధాకృష్ణన్ గారి కోటుకీ తాతయ్య కోటుకీ ఒక పెద్ద తేడా ఉంది. మొదటిది మోకాళ్ళ దగ్గరికి వచ్చే కోటు. పంచె కుచ్చిళ్ళ ఎత్తునీ, గోచీ ఎత్తునీ రెండింటినీ కప్పుకుని తిన్నగా కిందికి జారుతుంది. రెండోది పాంటు కోసం పుట్టిన పొట్టి కోటు. పాంటుకి నడుం దగ్గర ముందూ వెనకా ఎత్తులుండవు. అందుకని ఆ కోటు నడుం దగ్గర సన్నంగా, కింద కాస్త వెడల్పుగా ఉంటుంది. దాన్ని పంచె మీద తొడిగితే ఏమవుతుందో ఫొటోలో స్పష్టంగా కనిపిస్తుంది. బొత్తాం కింద కోటు రెండు రెక్కలూ విడిపోయి ఉన్నాయి. ముందు అంచు పైకి లేచింది. వెనక సంగతి ఫొటోలో లేదు గానీ తాతయ్య చెప్పాడు: "గోచీ దగ్గర గొడుగులా లేచిందిరా. మీ నాన్నమ్మ తరపు ఆడంగులు ఒకటే నవ్వు."

ఈ చిక్కు మనకొక్కళ్ళకే వచ్చింది కాదు. స్కాట్లండులో మగవాళ్ళు కట్టుకునే కిల్టు కూడా మొదట్లో మన పంచెలాగే కుట్టు లేని గుడ్డ. నడుం చుట్టూ మడతలు పెట్టి బెల్టు బిగించేవారు. ఇప్పటి కిల్టులో కుచ్చిళ్ళు వెనక వైపు కుట్టేసి ఉంటాయి. నిండుగా కుట్టిన కిల్టుకి 8 గజాల గుడ్డ దాకా పడుతుంది. కిల్టు పాంటు కన్నా పైన, అసలు నడుం మీద నిలుస్తుంది. ముందు ఒక తోలు సంచీ వేలాడుతుంది. మామూలు కోటు వేస్తే కుచ్చిళ్ళూ సంచీ రెండూ దాని కిందపడి నలుగుతాయి. అందుకని కిల్టు కోటుని పొట్టిగా, ముందు భాగం వంపుగా కోసి కుడతారు. అలాంటి కోటు కొనలేనివాళ్ళు పాత స్పోర్ట్స్ కోటు ఒకటి తెచ్చుకుని దాన్నే పొట్టిగా కోసుకుంటారు. ఈ కిటుకు తెలిశాక నాకు దారి దొరికింది.

మరో సంగతి కూడా తెలిసింది. 1746లో బ్రిటిష్ పార్లమెంటు స్కాట్లండు ఎగువ ప్రాంతాల్లో సైనికులు కాని మగవాళ్ళు ఆ వేషం వెయ్యకూడదని చట్టం చేసింది. 1782 దాకా ఆ చట్టం ఎత్తలేదు. అదే కిల్టు ఇవాళ అక్కడ పెళ్ళిళ్ళకీ, పట్టాలు పుచ్చుకునే సభలకీ గౌరవమైన దుస్తులు. మన పొరుగున తమిళనాడులో 2014లో పంచె కట్టుకుని వచ్చిన ఒక హైకోర్టు న్యాయమూర్తిని ఒక క్లబ్బు గుమ్మంలోనే ఆపేశారు. పంచె కట్టుకున్నారని ఎవర్నీ అలా ఆపడానికి వీల్లేదని ఆ ఏడాదే అక్కడి శాసనసభ చట్టం చేసింది. న్యాయమూర్తికే తప్పనిది మా తాతయ్యకి తప్పుతుందా అని కాస్త ఓదార్పు కలిగింది.

ఇక కోటు విషయానికి వద్దాం.

పాత బట్టల్లో కోట్లు రెండు రకాలు. సూటు కోటు పాంటుతో జంటగా పుడుతుంది. పాంటు చిరిగిపోతే ఆ కోటు ఒంటరిదైపోతుంది, అదే రంగు పాంటు మళ్ళీ దొరకదు. స్పోర్ట్స్ కోటు అలా కాదు. ఇంగ్లండులో దొరలు వేటకీ, ఆరుబయట తిరుగుళ్ళకీ వేసుకున్న కోటు నుంచి వచ్చింది. వేరే రంగు పాంటు మీద వెయ్యడానికే కుడతారు. పుట్టుకతోనే బ్రహ్మచారి కాబట్టి ఎవరితోనైనా సంబంధం కుదర్చవచ్చు, పంచెతో కూడా. హైదరాబాదులో ఉద్యోగం చేస్తున్న మా బావ ఎర్రగడ్డ ఆదివారం సంతలో నా కోసం ఒకటి పట్టాడు. బూడిద రంగు మీద సన్న గళ్ళు, ముందు రెండు బొత్తాలు. వెల 300 రూపాయలు.

కొనేటప్పుడు ఏం చూడాలో మా ఊరి టైలరు బాబాయి ముందే చెప్పాడు. "భుజాలు కుదిరితే కోటు కుదిరినట్టేరా అబ్బాయ్. నడుం విప్పుకోవచ్చు, చెయ్యి పొట్టి చేసుకోవచ్చు. భుజం విప్పడమంటే మాత్రం ఇల్లు విప్పి కట్టడమే." కాబట్టి భుజం కుట్టు మన భుజం చివరికి సరిగ్గా రావాలి. పక్క కుట్లు లోపలి నుంచి చూడాలి, అక్కడ అర అంగుళమైనా మిగులు గుడ్డ ఉంటేనే తరవాత లూజు చేసుకోగలం. చంకల్లోనూ, కాలర్ మడతలోనూ పురుగు కొట్టిన చిల్లులుంటే వదిలెయ్యాలి.

తరవాత అది ఏ గుడ్డో తెలుసుకోవాలి, లేకపోతే ఇస్త్రీ దగ్గర దెబ్బ తింటాం. లోపలి కుట్టులో నుంచి ఒక పోగు లాగి పటకారుతో పట్టుకుని అగ్గిపుల్లతో కాల్చాలి. నూలైతే కాగితం కాలిన వాసన వచ్చి మెత్తటి బూడిదవుతుంది. ఉన్ని అయితే వెంట్రుకలు కాలిన వాసన వస్తుంది, ఎందుకంటే ఉన్నిలోనూ మన జుట్టులోనూ ఉండేది కెరటిన్ అనే ప్రోటీనే. పాలియెస్టరైతే కరిగి గట్టి పూసలా ముడుచుకుంటుంది. మా కోటు పోగు వెంట్రుకల వాసనా వేసింది, చివర పూసా కట్టింది. రెండూ కలిపి నేసిన గుడ్డన్నమాట. అంటే తడి గుడ్డ వేసి మోస్తరు వేడితో ఇస్త్రీ చెయ్యాలి, పెట్టె నేరుగా తగలకూడదు.

ఇప్పుడు అసలు సూత్రం. ఇది తెలియకే నేను మొదట తప్పు చేశాను. కొలతలన్నీ పంచె కట్టుకున్నాకే తీసుకోవాలి. పాంటు మీద నా నడుం 30 అంగుళాలు. పంచె కట్టి, కుచ్చిళ్ళు దోపి, గోచీ పోసి కొలిస్తే 33½. ఈ మూడున్నర అంగుళాలు ఎక్కణ్ణించి వచ్చాయా అని లెక్క వేశాను. షాపుల్లో 9×5 అని అమ్మే జతలో పంచె 9 మూరలు, ఉత్తరీయం 5 మూరలు. మూర అంటే అర గజం కాబట్టి పంచె నాలుగున్నర గజాలు. అందులో చాలా భాగం ముందు కుచ్చిళ్ళకీ, వెనక గోచీకీ పోతుంది. స్క్రూగేజీతో గుడ్డ మందం చూస్తే 0.2 మి.మీ. వచ్చింది. ఎనిమిది కుచ్చిళ్ళకి పదహారు పొరలు, దోపిన చోట మడత పడి ముప్ఫై రెండు. లెక్క ప్రకారం 6.4 మి.మీ. ఉండాలి. టేపు పెడితే అంగుళం ఎత్తు కనిపించింది! తప్పు గేజీది కాదు. మడతల మధ్య గాలి ఉంటుంది, గంజి పెట్టిన గుడ్డ ఒకదాని మీద ఒకటి అణగదు. కాబట్టి కోటు కిందకి కట్టే పంచెకి గంజి పలచగా పెట్టాలన్నది ఈ ప్రయోగం చెప్పిన మొదటి నీతి.

నేను చేసిన తప్పు ఏమిటంటే, కోటుని బల్ల మీద పరిచి స్కేలు పెట్టి కింది అంచుకి సమంగా సుద్దగీత గీశాను. ఆ గీత మీద మడిచి కచ్చా కుట్టు వేసి, పంచె మీద తొడిగి చూస్తే ముందు భాగం వెనక కన్నా అంగుళం పైకి లేచి ఉంది. పొట్ట దగ్గర కుచ్చిళ్ళ ఎత్తు మీదుగా రావలసి వచ్చి గుడ్డ అక్కడ ఖర్చయిపోయింది. కత్తెర వెయ్యలేదు కాబట్టి బతికిపోయాను. అరుగు మీద కూర్చుని చూస్తున్న తాతయ్య అన్నాడు, "చేను చదును కళ్ళతో చూస్తే తెలుస్తుందా? నీళ్ళు పెట్టి చూడాలి. నేల నుంచి కొలవరా." అప్పుడు పంచె కట్టి, కోటు తొడిగి నిలబడ్డాను. చెల్లి ఒక కర్రకి సుద్ద కట్టి, నేల నుంచి ఒకే ఎత్తున చుట్టూ తిరిగి గుర్తులు పెట్టింది. ఆ గుర్తులు కలిపితే వచ్చిన గీత బల్ల మీద చూస్తే వంకరే. ఒంటి మీద మాత్రం తిన్నగా ఉంది.

ఎంత పొట్టి చెయ్యాలి? నేను వెనక రెండున్నర అంగుళాలు తగ్గించాను. ముందు దాని కన్నా తక్కువ. అంతకు మించి కోస్తే జేబు మూతలు అంచుకి మరీ దగ్గరపడి కోటు మరుగుజ్జులా కనిపిస్తుంది. కొత్త గీతకి కింద మడత కోసం ఒకటిన్నర అంగుళం వదిలి కత్తిరించాలి. జేబు సంచీ లోపల కిందికి వేలాడుతూ ఉంటుంది, దాన్ని ముందే పైకి మడిచి కుట్టుకోవాలి. లేకపోతే కత్తెర దాన్ని కూడా తినేస్తుంది. అస్తరుని పై గుడ్డతో సమంగా బిగించకూడదు, అర అంగుళం వదులు ఉంచి కుట్టాలి. బిగిస్తే కోటు అంచంతా ముడతలు పడుతుంది. మన వైపు ఉక్క సంగతి తెలిసిందే కాబట్టి వీపు కింది భాగంలో అస్తరు తీసేశాను.

ముందు భాగం కోతే అన్నిటి కన్నా కష్టం. కోటుని పై బొత్తాం ఒక్కటే పెట్టుకోవాలి. కింది బొత్తాం సరిగ్గా కుచ్చిళ్ళ మీదకొస్తుంది, అది పెడితే తాతయ్య ఫొటోయే మళ్ళీ. పై బొత్తానికి అంగుళం కింద మొదలుపెట్టి వంపుగా పక్కకి తీసుకుపోయి, కింది అంచు చేరేసరికి నాలుగు అంగుళాలు లోపలికి రావాలి. వంపు కోసం అన్నం కంచం అంచు పెట్టి గీశాను. కింది కాజా మొత్తం కోతలో పోవాలన్నది గుర్తుంచుకోవాలి. కాజా అంచు నుంచి అంగుళంన్నర లోపలి దాకా ఉంటుంది. వంపుని మొదట్లోనే కాస్త లోపలికి తియ్యకపోతే కాజా సగం మిగిలి రఫ్ఫు చేయించుకోవలసి వస్తుంది. రెండు పక్కలా ఒకే వంపు రావడానికి ఒక పక్క గీసినదాన్ని పాత పేపరు మీద కత్తిరించుకుని రెండో పక్క తిరగేసి పెట్టాలి.

అంచులో మూడు పొరలుంటాయి. పై గుడ్డ, మధ్యలో బిగువు కోసం కాన్వాసు, లోపలి పట్టీ. పై గుడ్డనీ పట్టీనీ గీతకి అర అంగుళం బయట కొయ్యాలి. కాన్వాసుని మాత్రం గీత దాకా కోసెయ్యాలి, లేకపోతే అంచు లావెక్కిపోతుంది. పై గుడ్డ, పట్టీ మంచి వైపులు ఎదురెదురుగా పెట్టి గీత మీద కుట్టి, వంపు దగ్గర మిగులు గుడ్డకి చిన్న చిన్న గాట్లు పెట్టి తిరగెయ్యాలి. అమ్మ ఉష మిషను మీద నిదానంగా తొక్కుతూ కుట్టాను. ఒక పక్క రెండు సార్లు విప్పాను.

వెనక చీలిక ఉంది కదా, గోచీ ఎత్తుకి అది బల్లి నోరు తెరిచినట్టు తెరుచుకుంటుంది. కోటు పొట్టి అయ్యాక చీలిక అయిదున్నర అంగుళాలు మిగిలింది. దాన్ని కుట్టేశాను. చీలిక లేకపోతే కూర్చున్నప్పుడు పట్టెయ్యదా అంటే, పొట్టి కోటు పిరుదుల కింద పడదు కాబట్టి ఇబ్బంది లేదు. గోచీకి చోటు మాత్రం కావాలి. అందుకని రెండు పక్క కుట్లూ నడుం నుంచి కిందకి విప్పి, మిగులు గుడ్డలోంచి తలో పావు అంగుళం పైగా వదిలి మళ్ళీ కుట్టాను.

చివరగా ఇస్త్రీ. తడి గుడ్డ వేసి పెట్టె అదిమితే ఆవిరి ఉన్ని పోగుల్లోకి వెళ్ళి వాటిలోని హైడ్రోజన్ బంధాలు సడలుతాయి. చల్లారేటప్పుడు అవి కొత్త ఆకారంలో కట్టుబడతాయి. కాబట్టి పెట్టె తియ్యగానే కోటుని కదపకూడదు, పూర్తిగా చల్లారనివ్వాలి. పాత మడతల గుర్తులు నూటికి తొంభై పాళ్ళు ఇలాగే పోయాయి. తరవాత తొడిగి పరీక్ష. ఉత్తినే నిలబడి అద్దంలో చూసుకుంటే చాలదు. కూర్చోవాలి, లేవాలి, మెట్లెక్కాలి, రెండు చేతులూ జోడించి నమస్కారం పెట్టాలి. స్టేజీ మీద చెయ్యవలసినవి అవే కదా.

కోటు, దారం, సుద్ద, ఆఖరున టైలరు బాబాయి దగ్గర పెద్ద ఇస్త్రీ, అన్నీ కలిపి 480 రూపాయలు. పట్టింది తొమ్మిది రోజులు, అందులో నాలుగు రోజులు విప్పడానికే. మొదటిసారి చేసేవాళ్ళు కొత్త బ్లేడూ, పాత ఓపికా రెండూ దగ్గర పెట్టుకోవాలి. ఇంత చేశాక నాకు అర్థమైంది ఇంతే. పంచెని కోటుకి తగ్గట్టు అణచాలని చూస్తే రెండూ పాడవుతాయి. పంచె ఉన్నట్టే ఉండాలి, దానికి చోటిచ్చేలా కోటునే మార్చుకోవాలి. తాతయ్యని అరుగు మీద కూర్చోబెట్టిన మనిషికి ఈ లెక్క ఎవరూ చెప్పి ఉండరు.

వార్షికోత్సవం నాడు పొద్దున్న తాతయ్యే నాకు పంచె కట్టాడు. నేను కట్టింది విప్పించి మరీ కట్టాడు. ఆయన కూడా ఉతికిన పంచె, తెల్ల చొక్కా, కండువా వేసుకుని బస్సెక్కాడు. హాల్లో ఒక వలంటీరు అమ్మాయి "ఇలా రండి తాతగారూ" అని మూడో వరసలో కుర్చీ చూపించింది. నేను స్టేజీ మీదకి ఎక్కినప్పుడు వెనకనుంచి ఎవరో ఈల వేశారు. అది కోటుకో పంచెకో తెలియదు. బహుమతి పుచ్చుకున్నాను. బొత్తాం ఊడలేదు, చీలిక తెరుచుకోలేదు.

కత్తిరించగా మిగిలిన పీలికలు రెండు జోడించి తాతయ్య కళ్ళజోడుకి చిన్న సంచీ కుట్టాను. తిరుగు బస్సులో దాన్ని జేబులోంచి తీసి, అటూ ఇటూ తిప్పి చూసి అన్నాడు:

"నా పెళ్ళప్పుడు కూడా ఎవరైనా ఇలా కత్తిరించి ఇచ్చుంటే బాగుండేదిరా."

"అరువు కోటు కదా తాతయ్యా, కత్తిరిస్తే ఊరుకుంటారా?" అన్నాను.

"అదీ నిజమే" అని కళ్ళజోడు సంచీలో పెట్టుకున్నాడు.